తెరిచి చూడండి... ఒంపేయకండి!

‘‘అల్లుడూ, మీ అత్తయ్య ఫొటోలన్నీ ఇందులోనే ఉన్నాయట. తెరిస్తే ఒక్కటీ కనపడదు’’ అంటూ మొన్న సంక్రాంతికి మా మేనమామ మూడు డీవీడీలు నా చేతిలో పెట్టాడు. 2006లో కంప్యూటర్ మొరాయిస్తే, ఫార్మాట్ చేసేముందు బాగుచేసే కుర్రాడు తీసిన బ్యాకప్ అది. అత్తయ్య పోయి పదేళ్లయింది. మొదటి డిస్కులో ఒక ‘జీహెచ్‌వో’ ఫైలు, మిగతా రెండింట్లో చెరో ‘జీహెచ్‌ఎస్’ ఫైలు. అంతే!

మీ ఇంటి బీరువాలోనూ ఇలాంటివి ఉండొచ్చు. అది నార్టన్ ఘోస్ట్ తీసిన డిస్క్ ఇమేజ్. విండోస్, ఫాంట్లు, ఫొటోలు... సమస్తాన్నీ కలిపి మూటగట్టి, అదిమి చిన్నది చేసి దాచేస్తుంది. ఫైలు మరీ పెద్దదైతే ముక్కలు చేస్తుంది. ఆ ముక్కలే జీహెచ్‌ఎస్‌లు.

లోపల ఏముందో చూడాలంటే ‘రిస్టోర్’ చేయాల్సిందేనని చాలామంది అనుకుంటారు. మావయ్య పక్కింటబ్బాయి తన కంప్యూటర్లో అదే చేయబోయాడట. వినగానే నా గుండె గుభేలుమంది. రిస్టోర్ అంటే 2006 నాటి డిస్కును తెచ్చి ఇప్పటి డిస్కు మీద ఒంపేయడమే. ఇప్పుడున్నవన్నీ తుడిచిపెట్టుకుపోతాయి.

చేయాల్సింది వేరు. ముక్కలన్నిటినీ పేర్లు మార్చకుండా హార్డ్‌డిస్కులో ఒకే ఫోల్డర్లోకి కాపీ చేయండి. (మా మూడో డీవీడీ మీద గీతలు. నా డ్రైవ్ చదవనంది, స్నేహితుడి డ్రైవ్ చదివింది.) తర్వాత ‘ఘోస్ట్ ఎక్స్‌ప్లోరర్’ కావాలి. నార్టన్ ఘోస్ట్ అమ్మకాలు 2013లోనే ఆగిపోయాయి కాబట్టి పాత సీడీ వెతుక్కోవాల్సిందే. అందులో జీహెచ్‌వో ఫైలును ఓపెన్ చేస్తే ఫోల్డర్లన్నీ మై కంప్యూటర్లో మాదిరే కనిపిస్తాయి. కావాల్సినదాని మీద రైట్‌క్లిక్ చేసి ‘ఎక్స్‌ట్రాక్ట్’ నొక్కితే అదొక్కటే బయటికొస్తుంది. ఎక్స్‌పీ రోజుల ఫొటోలైతే ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’లో మీ పేరున్న ఫోల్డర్లో, ‘మై డాక్యుమెంట్స్’లో వెతకండి. డెస్క్‌టాప్ ఫోల్డర్నీ వదలొద్దు, మనవాళ్లు సగం సామాను అక్కడే పడేస్తారు!

విండోస్ 7 తీసిన సిస్టమ్ ఇమేజ్‌లు ‘వీహెచ్‌డీ’ ఫైళ్లుగా ఉంటాయి. వీటితో తంటా తక్కువ. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో యాక్షన్ మెనూలోని ‘అటాచ్ వీహెచ్‌డీ’ నొక్కి, ‘రీడ్ ఓన్లీ’కి టిక్ పెడితే మరో డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఉచితంగా దొరికే సెవెన్ జిప్‌తోనూ చూడొచ్చు. లినక్స్‌లో డిస్కు మొత్తాన్ని ‘డీడీ’తో తీసి ‘జీజిప్’తో కుదించిన ఇమేజ్ మాత్రం పాటల క్యాసెట్టు లాంటిది. నాలుగో పాట కావాలన్నా మొదటినుంచీ తిప్పాలి. 160 జీబీ డిస్కుదైతే, పూర్తిగా విప్పడానికి అంత ఖాళీ చూసుకోవాలి.

అత్తయ్య ఫొటోలు దొరికాయి. వాటి పక్కనే మావయ్య రాసుకున్న ఊరి కబుర్లు కూడా! తెరిస్తే పిచ్చి గీతలు. అను ఫాంట్లలో టైపు చేయించాడట. ఆ ఫాంట్లు మాత్రం ఎక్కడికి పోతాయి? అదే ఇమేజ్‌లో విండోస్ లోపలి ‘ఫాంట్స్’ ఫోల్డర్లోనే ఉన్నాయి. తెచ్చి వేయగానే అక్షరాలు కుదురుకున్నాయి.

అన్నిటినీ మామూలు ఫైళ్లుగానే రెండు పెన్‌డ్రైవ్‌ల్లో వేసిచ్చాను. ఆ డీవీడీలను మాత్రం మావయ్య పారేయనివ్వలేదు.