రక్తనాళం తీరు కూడా రిపోర్టులో రాయాలి

పక్షవాతం వచ్చిన మనిషిని స్కానింగుకు తెచ్చినప్పుడు ఇంటివాళ్లు అడిగేది ఒక్కటే: "గడ్డ కట్టిందా, నరం చిట్లిందా డాక్టరమ్మా?" రేడియాలజిస్టుగా నేనూ ముందు చూసేది అదే. గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు పడాలి. దానికి ముందు మెదడులో రక్తస్రావం లేదని తేలాలి. ఆ హడావుడిలో రక్తనాళాల తీరు పక్కకు పోతుంది. హడావుడి తీరాక కూడా దాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదన్నదే నా బాధ.

ఈమధ్య ఒక రైతును తీసుకొచ్చారు. అరవై దాటిన మనిషి. మాట ముద్దగా వస్తోంది, నడిస్తే తూలు, నీళ్లు మింగితే పొలమారుతోంది. ఎమ్మారైలో మెదడు కాండం మీద చిన్న దెబ్బ కనిపించింది. దాని ముందు నిలువుగా సాగాల్సిన బేసిలార్ ధమని మాత్రం ఎడమకు వంగి, మళ్లీ కుడికి మళ్లి, ఉండాల్సిన చోటుకన్నా బాగా పైకి వెళ్లింది. దాని అడ్డకొలత 6 మిల్లీమీటర్లు. మామూలుగా 3, 4 ఉంటుంది, 4.5 దాటితే ఉబ్బినట్టే లెక్క. ఈ స్థితిని డోలికోఎక్టేషియా అంటాం.

పాత ఫిల్ములున్నాయా అంటే కొడుకు సంచిలోంచి తీసిచ్చాడు. కళ్లు తిరుగుతున్నాయని అంతకుముందు తీసిన ఆ ఫిల్ముల్లోనూ ధమని ఇలాగే ఉంది. రిపోర్టులో ఉన్నది మాత్రం "వయసుతో వచ్చిన మార్పులు" అన్న ముక్కే. కళ్లు తిరగడం తగ్గింది కదా అని ఆయన బీపీ మాత్రలు మానేశాడు. మానకూడదని గట్టిగా చెప్పడానికి ఆ కాగితంలో ఆధారమే లేదు.

ఇలాంటి ధమని గోడలో సాగే పొర చిట్లి, కండర పొర పలచబడి ఉంటుంది. బీపీ దాన్ని ఇంకా సాగదీస్తుంది. వెడల్పైన చోట రక్తం నెమ్మదించి, వంపుల కాలవలో మేట పడ్డట్టు గడ్డ పేరుకుంటుంది. కాండంలోకి వెళ్లే సన్నటి కొమ్మల మూతులు సాగి మూసుకుపోతాయి. అదే గోడ ఒక్కోసారి పగులుతుంది కూడా. అందుకే వీళ్లకు పక్షవాతం తిరగబెట్టే భయం ఎక్కువ, రక్తస్రావం భయమూ ఉంది. రక్తం పలచబడే మందు ఒకటి చాలా, రెండు కావాలా అన్నది ఆచితూచి తేల్చాలి. గడ్డను లాగేయడానికి కాథెటర్ పంపే డాక్టరుకూ దారి వంకర ముందే తెలిస్తే మేలు.

"వంకర సరిచేసే ఆపరేషన్ లేదామ్మా?" అన్నాడు కొడుకు. దాన్ని మళ్లీ నిటారు చేసే ఆపరేషనూ లేదు, మందూ లేదు. నయం చేయలేనిదాన్ని రాసి భయపెట్టడమెందుకని నా తోటివాళ్లు కొందరంటారు. నేను ఒప్పుకోను. బీపీ అదుపు మన చేతిలో ఉంది, మందుల ఎంపికా మన చేతిలోనే ఉంది. ఆ రెండూ ఈ సమాచారం మీదే ఆధారపడతాయి.

పక్షవాతానికి ఎమ్మారై తీసేటప్పుడు రక్తనాళాల బొమ్మ కూడా తీయొచ్చు. దానికి రంగుమందు ఎక్కించాల్సిన పని కూడా లేదు. బేసిలార్ కొలత, వంపు రిపోర్టులో రాయాలి. డిశ్చార్జి కాగితం మీద "మెదడు ధమని ఉబ్బి ఉంది, బీపీ మాత్రలు డాక్టరు చెప్పకుండా ఆపొద్దు" అని తెలుగులో ఉండాలి. ఆ రైతు కాగితం మీద నేనే చేత్తో రాసిచ్చాను. అది అచ్చులోనే రావాలి, ప్రతి ఆసుపత్రిలో.