మాన్యానికి శాసనం వేశారు, మినహాయింపుకు పద్దు రాయరా?

సింగపూర్ మెట్రో పచ్చ లైను తూర్పున పాసిర్ రిస్ దగ్గర ముగుస్తుంది. అక్కడికి దగ్గర్లోనే లోయాంగ్ వే మీద ఒక గుడి ఉంది. పేరు లోయాంగ్ తువా పెక్ కాంగ్. 1980లలో సముద్రపు ఒడ్డున ఎవరో వదిలేసిపోయిన దేవతా విగ్రహాలను చూసి మనసొప్పక, కొందరు స్నేహితులు వాటిని చేరదీసి చిన్న పాకలో పెట్టారు. ఆ పాకే గుడి అయింది. 1996లో అగ్నికి ఆహుతైంది. భక్తుల చందాలతో మళ్లీ లేచి, 2007లో ఇప్పుడున్న చోటికి చేరింది. తావో దేవతలు, బుద్ధుడు, మన వినాయకుడు, మలయ్ సంప్రదాయపు దాతుక్ కాంగ్ అక్కడ ఒకే ఆవరణలో పూజలందుకుంటారు.

అదే పాసిర్ రిస్‌లో వేఫర్ ఫ్యాబ్ పార్క్ ఉంది. ఫోన్లకూ కార్లకూ కావలసిన చిప్‌లు అక్కడ తయారవుతాయి. తైవాన్ కంపెనీ యూఎంసీ 2025 ఏప్రిల్‌లో అక్కడ కొత్త ఫ్యాబ్ ప్రారంభించింది. పెట్టుబడి 500 కోట్ల అమెరికన్ డాలర్ల దాకా ఉంటుందని, సుమారు 700 ఉద్యోగాలు వస్తాయని ప్రకటించింది. ఎన్‌ఎక్స్‌పీ, టీఎస్‌ఎంసీ కలిసి నడిపే ఎస్‌ఎస్‌ఎంసీ కర్మాగారం కూడా అక్కడే ఉంది.

గుడికీ చిప్‌ల ఫ్యాక్టరీకీ సంబంధమేమిటని అనిపించవచ్చు. సింగపూర్ పన్ను చట్టం రెండింటికీ తలుపు తెరిచి పెట్టింది. ప్రజలు ప్రార్థన చేసుకునే కట్టడాలకు ఆస్తి పన్ను లేదు. నమోదైన ధార్మిక, సేవా సంస్థల ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. పరిశ్రమల కోసం 1967లోనే ఆర్థిక విస్తరణ ప్రోత్సాహకాల చట్టం వచ్చింది. దాని కింద ‘పయనీర్’ హోదా దక్కిన కంపెనీ, అర్హత ఉన్న లాభంపై కొన్నేళ్లపాటు పన్ను కట్టనక్కర్లేదు. మామూలు కంపెనీ పన్ను 17 శాతం.

మరి మినహాయింపు లేనిది ఎవరికి? పాసిర్ రిస్ బ్లాకుల్లో ఉంటూ చాంగీ బిజినెస్ పార్కుకు ఉద్యోగానికి వెళ్లివచ్చే తెలుగు కుటుంబానికి లేదు. జీఎస్‌టీకి నమోదైన దుకాణంలో బియ్యం కొన్నా, కందిపప్పు కొన్నా బిల్లులో ఆ పన్ను పడుతుంది. అది 2023 జనవరిలో 7 నుంచి 8 శాతానికి, 2024 జనవరిలో 9 శాతానికి పెరిగింది. వృద్ధుల వైద్యం ఖర్చు పెరుగుతోందని, అందుకే తప్పలేదని ప్రభుత్వం చెప్పింది. అది నిజమైన అవసరమే. తక్కువ ఆదాయం ఉన్నవారికి నగదు సాయమూ ఇచ్చింది. అయితే ఒకరికి వదిలిన పన్ను ఇంకెవరో కట్టాలి, లేదా ఏదో ఒక ఖర్చు తగ్గాలి. మినహాయింపు అంటే ఖజానా నుంచి జరిగే ఖర్చే. చెక్కు రాసి ఇచ్చే బదులు వసూలు మానేస్తారు, తేడా అంతే. ఖర్చు అయినప్పుడు దానికి పద్దు ఉండాలి.

ఈ మాట తెలుగు నేలకు కొత్త కాదు. గుడికీ, చెరువుకీ, అగ్రహారానికీ పన్ను లేని భూమి ఇవ్వడాన్ని మాన్యం అన్నారు, ఇనాం అన్నారు. ఆ దానాన్ని రాతి మీద చెక్కి, వచ్చేపోయేవాళ్లంతా చూసే చోట నిలబెట్టారు. ద్రాక్షారామం భీమేశ్వరాలయంలో వందల శాసనాలున్నాయి. వాటిలో చాలావాటిది ఒకటే తీరు: ఎవరు ఇచ్చారు, ఏమి ఇచ్చారు, ఎందుకు ఇచ్చారు. అఖండ దీపానికి నెయ్యి కోసమైతే ఎన్ని పశువులిచ్చారో కూడా రాసి ఉంటుంది. ఆ తర్వాత 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఒక్కొక్క మాన్యాన్నీ తిరిగి పరిశీలించింది. ఏ సేవకు ఇచ్చారు, ఆ సేవ నడుస్తోందా అని అడిగి రిజిస్టర్లలోకి ఎక్కించింది. ఆ ఫెయిర్ రిజిస్టర్లు దేవాలయ భూముల వ్యాజ్యాల్లో నేటికీ సాక్ష్యాలే. దానంలో అన్యాయాలు లేవని కాదు. కానీ ఇచ్చినట్టు అందరికీ తెలిసేది, ఎందుకిచ్చారో రాసి ఉండేది, ఎప్పుడో ఒకప్పుడు తనిఖీ జరిగేది.

సింగపూర్ ఈ పాఠాన్ని మతం, సేవ విషయంలో దెబ్బలు తిని నేర్చుకుంది. 2005లో నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ కుంభకోణం బయటపడింది. కిడ్నీ రోగుల పేరిట జనం ఇచ్చిన విరాళాలతో నడిచే ఆ సంస్థ అధిపతి టి.టి. దురై ఏడాది జీతం, బోనస్ కలిపి 6 లక్షల సింగపూర్ డాలర్లని, ఆయన ఆఫీసు స్నానాల గదిలో బంగారు పూత కుళాయి పెట్టించారని కోర్టులో తేలింది. వేలమంది దాతలు నెలనెలా ఇచ్చే విరాళాలు ఆపేశారు. ఆ తర్వాతే సేవా సంస్థల చట్టాన్ని గట్టిపరిచారు. ఇంకో పదేళ్లకు సిటీ హార్వెస్ట్ చర్చి కేసు తీర్పు వచ్చింది. చర్చి భవన నిధిలోని 2.4 కోట్ల డాలర్లను బూటకపు బాండ్లలోకి మళ్లించి, అది కప్పిపుచ్చడానికి మరో 2.6 కోట్లు తిప్పారని 2015లో కోర్టు నిర్ధారించింది. ఆ డబ్బు పాస్టర్ భార్య పాప్ సంగీత ప్రస్థానానికి వాడారు. పాస్టర్ కాంగ్ హీ సహా ఆరుగురికి శిక్ష పడింది.

భక్తి ఉన్నచోట లెక్క అడగడం అపచారమని అనుకునేవాళ్లకు ఈ కేసులే జవాబు. లెక్క అడగకపోవడం వల్ల నష్టపోయింది భక్తులూ దాతలే. ఇప్పుడు సింగపూర్‌లో నమోదైన సేవా సంస్థ ఏటా నివేదిక, ఖాతాలు సమర్పించాలి. విరాళాల మీద పన్ను రాయితీకి ఇంకా కఠినమైన నియమం ఉంది. దాత ఇచ్చిన దానికి రెండున్నర రెట్లు తన ఆదాయంలోంచి తగ్గించి చూపుకోవచ్చు, కానీ ఆ డబ్బు పుచ్చుకున్న సంస్థ జాతి, మతం చూడకుండా సమాజమంతటికీ సేవ చేయాలి. గుడి హుండీలో వేసిన డబ్బుకు ఆ రాయితీ లేదు. భారత్‌లో పాత పన్ను విధానంలో, ప్రభుత్వం నోటిఫై చేసిన ఆలయాల జీర్ణోద్ధరణకు ఇచ్చిన విరాళంలో సగానికి మినహాయింపు దొరుకుతుంది. పూజ వేరు, ప్రజాసేవ వేరు అని గీత గీయడంలో సింగపూర్ పద్ధతే న్యాయంగా ఉంది.

ఇంత పట్టుగా గుడినీ చర్చినీ లెక్క అడిగే ప్రభుత్వం, కంపెనీల దగ్గరికి వచ్చేసరికి మౌనం వహిస్తుంది. ఏ కంపెనీకి ఏ ప్రోత్సాహకం, ఎన్నేళ్లకు, ఏ షరతులతో ఇచ్చారన్నది వ్యాపార రహస్యం కిందికి వస్తుంది. పాసిర్ రిస్‌లోని ఫ్యాబ్‌లకు ఏమి దక్కిందో, ఏమీ దక్కలేదో వాటి గేటు ముందు నుంచి రోజూ నడిచి వెళ్లేవాళ్లకు తెలిసే దారి లేదు. ఇందులో కంపెనీల తప్పేమీ లేదు. చట్టం ఇచ్చినదాన్ని అవి తీసుకుంటాయి. చెప్పవలసిన బాధ్యత ఇచ్చిన చేతిది.

2021లో 130కి పైగా దేశాలు పెద్ద బహుళజాతి సంస్థలకు కనీసం 15 శాతం పన్ను ఉండాలని ఒప్పుకున్నాయి. సింగపూర్ 2025 జనవరి నుంచి ఆ మేరకు టాప్-అప్ పన్ను తెచ్చింది. ప్రపంచవ్యాప్తంగా ఏడాదికి 75 కోట్ల యూరోలు, ఆపైన రాబడి ఉన్న సంస్థలకు అది వర్తిస్తుంది. అయితే అంతకు ముందే, 2024 బడ్జెట్‌లో, పెట్టుబడి పెట్టే కంపెనీలకు అర్హమైన ఖర్చులో 50 శాతం దాకా తిరిగి ఇచ్చే క్రెడిట్ పథకం ప్రకటించింది. వాడుకోగా మిగిలిన క్రెడిట్‌ను నాలుగేళ్లలో నగదుగా ఇస్తారు. అంటే ఒక చేత్తో వసూలు చేసి, ఇంకో చేత్తో ఇచ్చే వీలుంది. ఇలా ఇవ్వడం అంతర్జాతీయ నిబంధనలకు లోబడినదే. కాకపోతే, నగదే ఇస్తున్నప్పుడు అది ఖర్చు కాదనే వాదనకు తావు లేదు. పుచ్చుకున్నవాళ్ల పేర్లు చెప్పడానికి ఇంకేం అడ్డు?

లాభం ఎవరి కోసం పుట్టిందన్న ప్రశ్న మీద సింగపూర్‌లో ఈ మధ్య పెద్ద చర్చే జరిగింది. పాసిర్ రిస్‌లో డౌన్‌టౌన్ ఈస్ట్ అనే విహార కేంద్రాన్ని నడిపేది కార్మిక సంఘాల సమాఖ్య ఎన్‌టీయూసీ కుటుంబంలోని సంస్థే. అదే ఎన్‌టీయూసీ 1970లో శ్రామికులకు చౌకగా బీమా ఇవ్వడానికి ‘ఇన్‌కమ్’ అనే సహకార సంఘం పెట్టింది. సింగపూర్‌లో సహకార సంఘాల ఆదాయానికి పన్ను లేదు. 2022లో ఇన్‌కమ్ కంపెనీగా మారింది. అప్పటికి పోగైన దాదాపు 200 కోట్ల సింగపూర్ డాలర్ల మిగులును కొత్త కంపెనీకి తీసుకువెళ్లడానికి ప్రభుత్వం ప్రత్యేక మినహాయింపు ఇచ్చింది. 2024 జులైలో జర్మనీ బీమా దిగ్గజం అలియాంజ్ 220 కోట్ల డాలర్లతో మెజారిటీ వాటా కొంటానంది. కొన్న మూడేళ్లలో 185 కోట్ల డాలర్ల మూలధనాన్ని వాటాదారులకు తిరిగి ఇచ్చేసే ఆలోచన కూడా అందులో ఉందని తర్వాత తెలిసింది. శ్రామికుల పేరిట అర్ధ శతాబ్దం పోగైన సొమ్ము అలా ఎలా పోతుందని దౌత్యవేత్త టామీ కో వంటి పెద్దలు, ఇన్‌కమ్ మాజీ అధిపతి టాన్ స్వీ చియే బహిరంగంగా అడిగారు. అక్టోబర్ 14న మంత్రి ఎడ్విన్ టాంగ్ పార్లమెంటులో లేచి, ఈ ఒప్పందాన్ని ప్రస్తుత రూపంలో అనుమతించబోమని చెప్పారు. డిసెంబర్‌లో అలియాంజ్ విరమించుకుంది. అంకెలు, షరతులు బయటికి రాకపోయి ఉంటే ఆ చర్చే జరిగేది కాదు.

మినహాయింపు చట్టం తెలిసి ఇచ్చేది. లొసుగు రెండు చట్టాల అతుకు దగ్గర పుట్టేది. సింగపూర్ చిరునామాకు ఈ రెండో రకంతోనూ బంధుత్వం ఉంది. భారత్, సింగపూర్ మధ్య ఉన్న పన్ను ఒప్పందానికి 2005లో కుదిరిన సవరణ ప్రకారం, సింగపూర్ సంస్థ భారతీయ కంపెనీ షేర్లు అమ్మి సంపాదించిన లాభంపై భారత్ పన్ను వేయడానికి వీలుండేది కాదు. సింగపూర్‌లో మూలధన లాభాలపై పన్నే లేదు. ఆ లాభం రెండు దేశాల మధ్య నుంచి జారిపోయింది. డొల్ల కంపెనీలు రాకుండా, సింగపూర్‌లో ఏడాదికి కనీసం 2 లక్షల డాలర్ల ఖర్చు చూపాలన్న షరతు పెట్టారు. వందల కోట్లు కదిలే చోట ఆ గడప ఏపాటి? చివరికి 2016 డిసెంబర్ 30న ఒప్పందాన్ని మళ్లీ సవరించి, 2017 ఏప్రిల్ 1 నుంచి కొన్న షేర్లపై భారత్ పన్ను వేసే హక్కు తెచ్చుకుంది. ఆస్ట్రేలియా అయితే గనుల కంపెనీలతో ఏళ్ల తరబడి పోరాడింది. అక్కడ తవ్విన ఖనిజాన్ని సింగపూర్‌లోని అనుబంధ సంస్థల ద్వారా అమ్మడంపై పన్ను శాఖ పట్టుబట్టింది. 2018లో బీహెచ్‌పీ దాదాపు 52.9 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లకు, 2022లో రియో టింటో అంతకు ముందు కట్టినదానితో కలిపి 99 కోట్లకు పైగా మొత్తానికి రాజీకి వచ్చాయి.

తెలుగు రాష్ట్రాల్లో ఇదే ప్రశ్న విశాఖ రుషికొండ మీద నిలబడింది. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు కేటాయించింది. పెట్టుబడి 1,370 కోట్ల రూపాయలు, ఉద్యోగాలు 12,000 అన్నారు. ఇది మంచి బేరమా కాదా అన్నదానిపై వాదోపవాదాలు సాగాయి, సాగాలి కూడా. పేరు, ఎకరాలు, ధర, ఉద్యోగాల సంఖ్య చేతిలో ఉన్నాయి గనుకే అది సాధ్యమైంది. భారత కేంద్ర బడ్జెట్‌లోనూ 2006-07 నుంచి పన్ను రాయితీల వల్ల తగ్గిన ఆదాయాన్ని లెక్కగట్టి చూపుతున్నారు. 2019లో కంపెనీల పన్ను తగ్గించినప్పుడు ఏటా 1.45 లక్షల కోట్లు వదులుకుంటున్నామని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ చెప్పారు. 2023-24 ఆర్థిక సర్వే 33 వేలకు పైగా కంపెనీల ఖాతాలు చూసి, 2020-2023 ఆర్థిక సంవత్సరాల మధ్య పన్నుకు ముందు లాభాలు దాదాపు నాలుగు రెట్లయ్యాయని, నియామకాలు, జీతాలు ఆ వేగాన్ని అందుకోలేదని రాసింది. వదిలిన పన్ను ఎక్కడికి చేరిందని అడగడానికి పౌరుడికి అంతకంటే గట్టి ఆధారం ఏముంటుంది?

సింగపూర్ వాదనలోనూ బలం ఉంది. గనులు లేవు, చెప్పుకోదగ్గ పొలాలు లేవు, తాగే నీటిలో కొంత మలేసియా నుంచి రావాలి. ఒక కంపెనీకి ఇచ్చిన రాయితీ బయటపెడితే పొరుగు దేశం ఇంకాస్త ఎక్కువ ఇస్తానంటుంది, రెండో కంపెనీ నాకూ అంతే కావాలంటుంది. ఫ్యాబ్ వెళ్లిపోతే ఉద్యోగాలూ వెళ్లిపోతాయి. ఈ భయం నిజమైనదే. బేరం నడుస్తున్నప్పుడు రహస్యం ఉంచడం సబబే. కానీ సంతకాలై, యంత్రాలు దిగి, చిప్‌లు ఎగుమతి అవుతున్న తర్వాత కూడా ఆ రహస్యం ఎవరిని కాపాడుతుంది? పోటీదారుకు ఆసరికే అంచనా ఉంటుంది. తెలియనిది 9 శాతం జీఎస్‌టీ కట్టే మనిషికే.

టాప్-అప్ పన్ను మొదటి వసూళ్లు 2027లో సింగపూర్ ఖజానాకు చేరనున్నాయి. ఆ ఏటి బడ్జెట్ పత్రాలకు ఒక పట్టిక జతచేస్తే చాలు. మొదటి గడిలో ప్రోత్సాహకం పొందిన సంస్థ పేరు, రెండో గడిలో వదిలిన పన్ను లేదా ఇచ్చిన నగదు, మూడో గడిలో గడువు, నాలుగో గడిలో ఒప్పుకున్న ఉద్యోగాలు, ఐదో గడిలో నిజంగా వచ్చినవి. రుషికొండ కేటాయింపుకూ అమరావతి సచివాలయం ఏటా ఇలాంటి వరుస ఒకటి ప్రచురించాలి. లోయాంగ్ వే మీద ఒక గుడి ధర్మకర్తలు, కొద్దిపాటి గుమస్తాలతో ఏటా ఖాతాలు సిద్ధం చేయగలిగినప్పుడు, రెండు ప్రభుత్వాల ఆర్థిక శాఖలకు ఈ ఐదు గడులు నింపడం కష్టమైన పని కాదు.