ఎల్లప్పుడును సిద్ధముగ నుండు సంచి

కార్తికమాసము వచ్చినతోడనే మన యిండ్లలో వనభోజనముల ముచ్చట మొదలగును. ఏ తోటకు పోవలెను, ఏ పిండివంట చేయవలెను, ఎవరెవరిని పిలువవలెను అని పది దినములు చర్చ జరుగును. బయలుదేరు నాటి యుదయమున మాత్రము అగ్గిపెట్టె యెక్కడ, దుప్పటి యెక్కడ, పిల్లవాని మందెక్కడ అని యిల్లా లొక్కతెయే నాలుగు గదులును తిరుగుచుండును. బండి గుమ్మమున నిలిచిన పిదప జ్ఞాపకము వచ్చునవి కొన్ని. ఉసిరిచెట్టు క్రింద పొయ్యి రాజుకొన్న తరువాతగాని జ్ఞాపకమునకు రానివి మఱికొన్ని. ఈ రెండవ తెగ వస్తువులను గూర్చియే యీ మాసము మా సోదరీమణులతో ముచ్చటింపదలచితిమి.

పులిహోర, పెరుగు, పండ్లు ఏనాటి కానాడు సర్దుకొనవలసినవే. ఎన్నడును మాఱనివి, ఆపదలో వెంటనే చేతి కందవలసినవి మాత్రము ఒక గట్టి గుడ్డసంచిలో వేసి కొయ్యకు తగిలించి యుంచవలెను. అందలి కత్తెర యింటి కుట్టుపనికి తీసితిమా, మరల సంచిలోనికి రాదు. ఇది మన యందఱి యిండ్లలోని సంగతియే.

వనభోజనములలో పాముకంటె ముందు భయపడవలసినది నిప్పు. ఆరుబయట మూడు రాళ్ల పొయ్యి; గాలి యే వంకకు తిరుగునో చెప్పలేము. నైలాను, పాలియెస్టరు చీరలు మండినచో కరిగి చర్మమున కంటుకొనును. కావున పొయ్యివద్ద నుండువారు నూలుచీర కట్టి కొంగు నడుమున బిగించుకొనవలెను. సంచిలో ముందుగా నుండవలసినది దళసరి నూలుదుప్పటి. చీర కంటుకొన్నవారు పరుగెత్తరాదు. నేలపై పడి దొర్లవలెను, తక్కినవారు దుప్పటి కప్పి మంట నార్పవలెను. కాలినచోట చల్లని నీరు 20 నిమిషములు ధారగా పోయవలెను. వాపు రాకముందే గాజులు, ఉంగరములు తీసివేయవలెను. పసుపు, వెన్న, సిరా పూయుట పెద్దల వాడుకయే యైనను మానవలసినదే. బొబ్బలను చిదుపరాదు. ఇందులకై త్రాగునీరు గాక వేఱొక బిందెడు నీరు పొయ్యి దగ్గఱ నుండవలెను. బిందె సంచిలో పట్టదు గనుక ఆ మాట చీటీపై వ్రాసి సంచి మూతకు కుట్టుట మేలు. తిరిగి వచ్చునప్పుడు నిప్పు నార్పుటకును ఆ నీరే పనికివచ్చును.

పాముకాటునకు సంచిలో నుంచదగిన మం దేదియు లేదు. మన దేశమున వాడుకలో నున్న విరుగుడు సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజరల విషమునకు పనిచేయును. దానిని ఆసుపత్రిలోనే వేయవలెను. త్రాడుతో బిగించుట, కోయుట, నోట పీల్చుట కీడే చేయును. పట్టీలు తీసి, కఱచిన యవయవమును కదలనీయక, రోగిని మోసికొని పోవలెను. అడవి లోపల ఫోను పనిచేయని చోట్లు కలవు. అందుచే పోవుచోటికి దగ్గఱనున్న ఆసుపత్రి పేరు, ఇంటివారి నంబరులు బయలుదేరుటకు ముందే కాగితముపై వ్రాసి సంచిలో నుంచవలెను. 108 అను నంబరు మాత్రము పిల్లలకు సైతము కంఠస్థమై యుండవలెను.

చైత్రపూర్ణిమకు నల్లమలలోని సలేశ్వరమునకు పోవువారు ఎండలో లోయలోనికి దిగి మరల నెక్కవలెను. అట్టివారికి ఓఆర్‌ఎస్ పొట్లములు తప్పనిసరి. పొట్లముపై వ్రాసిన కొలత నీటిలోనే కలుపవలెను. చిక్కగా కలిపిన బలము వచ్చునను భ్రమ వలదు. అది లేనిచో లీటరు కాచి చల్లార్చిన నీటిలో తలగొట్టిన 6 చిన్నచెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఆనాడే త్రాగి ముగింపవలెను. ఈ కొలతకై సంచిలో నొక చిన్నచెంచా వేయుడు.

తక్కినవి చెప్పుటకు వింతలు కావు: సబ్బు, గాయపు కట్టుగుడ్డలు, పోవిడోన్ అయోడిన్, పిన్నీసులు, త్రాడు, గట్టిమూత డబ్బాలో అగ్గిపెట్టె. నెలసరి గుడ్డలనో నాప్‌కిన్‌లనో చేర్చుటకు మొగమాటము వలదు; దారిలో వాని కొఱకు వెదకుటే కష్టము. పిల్లలున్నచో ఒక్కొక్కరి కొక యీల యిచ్చి, దారి తప్పినచో కదలక నిలిచి మూడేసి మారు లూదవలెనని నేర్పుడు. వారు దారి పొడవునను ఊదుదురు, ఓర్చుకొనవలసినదే.

టార్చిలైటు ఘటములను విడిగా నుంచనిచో అవి కారి దీపమును పాడుచేయును. ఉగాదికి ముందొకమారు, దీపావళి మఱునా డొకమారు సంచి విప్పి, మందుల గడువు చూడవలెను. ఈ పని ఇంటి యజమానికిని పెద్దపిల్లలకును అప్పగింపుడు. ఏది యే జేబులో నున్నదో తల్లి యొక్కతెకే తెలిసిన సంచి, ఆమెకే చేయి కాలిననాడు ఎవరికి నుపయోగపడును? వాడిన వస్తువును తిరిగివచ్చిన రాత్రియే, ఎంగిలి గిన్నెలు తోమకముందే, మరల నింపవలెను.