అమ్మ నడక, సిగ్నల్ లెక్క

కాలిఫోర్నియాలో మా అమ్మ నడిచే బొమ్మ వెలుగుతుండగానే రోడ్డు మీదకి దిగింది. ఇంకా రెండు లేన్లు ఉండగానే అంకెలు సున్నాకొచ్చేశాయి. "నాదే తప్పేమోరా" అంది. కాదు, తప్పు లెక్కది.

రోడ్డు వెడల్పుని నడక వేగంతో భాగించి ఆ అంకెలు వేస్తారు. అమెరికాలో ఈ వేగం ఒకప్పుడు సెకనుకి 4 అడుగులు. ముసలివాళ్ళని దృష్టిలో పెట్టుకుని 2009లో ఫెడరల్ ప్రమాణాల్లో 3.5 చేశారు. అంటే 84 అడుగుల రోడ్డుకి 21 సెకన్లు కాస్తా 24 అయ్యాయన్నమాట. మోకాళ్ళ నొప్పులతో రెండున్నర అడుగులు నడిచే అమ్మకి 34 కావాలి!

నెమ్మదిగా నడిచేవాళ్ళు తిరిగేచోట వేగం ఇంకా తగ్గించుకోవచ్చని ఆ ప్రమాణాలే చెబుతాయి. కార్లు మరో పది సెకన్లు ఆగితే కొంపలేం మునగవు. సిటీ ట్రాఫిక్ విభాగానికి నేను ఉత్తరం రాశాను. మీరూ రాయండి.