పగులును కప్పవచ్చు, దాచకూడదు

మా నాన్నగారికి జోధ్‌పూర్‌లో ఉద్యోగం. మా క్వార్టర్స్‌లో కారుకు షెడ్డు లేదు. మూడు వేసవులు ఎండలో ఉండి మా కారు డ్యాష్‌బోర్డు జానెడు మేర పగిలింది. ఎండ వేడికి, అతినీలలోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కి అలా పగులుతుంది.

ఈ ఏడాది మళ్ళీ బదిలీ వచ్చింది. కారు అమ్మేయాలనుకున్నాం. "పైన మ్యాట్ పరిచేయండి సార్, కొనేవాళ్ళకు తెలియదు" అన్నాడు మెకానిక్. నాన్నగారు ఆలోచనలో పడ్డారు.

నా ఉద్దేశంలో కవరు వేయడం తప్పు కాదు. చిన్న పగులైతే ఫిల్లర్‌తో పూడ్చి రంగు వేయవచ్చు. పెద్దదైతే కొలతకు సరిపోయే కవరు అతికించవచ్చు. కానీ ఎయిర్‌బ్యాగు ఉన్నచోట ఏదీ అతికించకూడదు. ప్రమాదం జరిగితే అది అక్కడి నుంచే తెరుచుకుని బయటికి రావాలి. మన దేశంలో 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడల్ కార్లలో డ్రైవరు పక్క సీటుకు కూడా ఎయిర్‌బ్యాగు తప్పనిసరి. అందుకే పగులు ఎక్కడ ఉందో కొనేవారికి తెలియాలి. దాచి అమ్మితే మనం ఊరు దాటిపోతాం, ప్రమాదం వాళ్ళ దగ్గర ఉండిపోతుంది.

ఇదే మాట ఇంట్లో చెప్పాను. నాన్నగారు పగులు చూపించే కారు అమ్మారు. ధర కొన్ని వేలు తగ్గింది. అమ్మ మొదట బాధపడినా తర్వాత ఏమీ అనలేదు.

మిత్రులారా, మనం రెండు మూడేళ్ళకోసారి ఊరు మారేవాళ్ళం. "వెళ్ళిపోతున్నాంగా, ఎవరు అడుగుతారు?" అనుకోవడం మనకు చాలా సులువు. కానీ మనం వెళ్ళాక ఆ ఊళ్ళో మిగిలేది మన గురించి అనుకునే మాటే.