కోరంగిలో మడ అడవి తిరిగొచ్చింది.. మన నక్కవాగు సంగతేంటి?

గోదావరి సముద్రంలో కలిసే చోట కోరంగి మడ అడవులున్నాయి. పటాన్‌చెరుకు వాటితో ఏం పని అంటారా? మన నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. అంటే మనం పైన, వాళ్లు కింద.

అక్కడ చెట్లు నరికిన చోట నేల కుంగి, నీరు నిలిచి, ఎండకు ఉప్పు పేరుకుంది. మొక్క వేసినా బతకలేదు. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖ, ఊళ్ల జనం కలిసి చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. పోటు నీరు లోపలికొచ్చి, ఆటుకు వెనక్కి పోతూ ఉప్పును కడిగేసింది. మడ మొక్కలు నిలబడ్డాయి. జబ్బు ఏంటో ముందు కనిపెట్టారు, మొక్కలు తర్వాత నాటారు.

మన దగ్గర జబ్బు ఎప్పుడో తేలింది. 1990లోనే కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఖాజీపల్లి చెరువులో మందులకు లొంగని సూక్ష్మక్రిముల జన్యువులు భారీగా ఉన్నాయని 2014లో మరో పరిశోధన చెప్పింది. రేపు మన పిల్లలకు జ్వరమొస్తే మాత్ర పనిచేయకపోవడం అనే ముప్పు ఇదే.

మరి దొరికిన పరిష్కారం? 18 కిలోమీటర్ల పైప్‌లైన్. శుద్ధి చేసిన నీటిని అంబర్‌పేట వైపు పంపారు. అక్కడి నుంచి మూసీ, మూసీ నుంచి కృష్ణా. గోదావరి ఖాతాలోని బాకీని కృష్ణా ఖాతాలో రాసినట్టే. బాకీ తీరలేదు.

టెక్నాలజీ లేక కాదు. వ్యర్థజలం చుక్క బయటికి పోకుండా ఫ్యాక్టరీలోనే శుద్ధి చేసి మళ్లీ వాడే పద్ధతి ఉంది. ఇళ్ల మురుగునీటిని రెల్లు, మెట్టతామర లాంటి మొక్కలతో శుభ్రం చేసే పద్ధతిపై పటాన్‌చెరులోనే ఉన్న ఇక్రిశాట్ పనిచేసింది. కానీ రసాయనాల నీరు వస్తూనే ఉంటే మొక్కలు ఏం చేస్తాయి? ముందు రాక ఆగాలి.

ఆపించే నిబంధనే జారిపోయింది. ఫ్యాక్టరీ నీటిలో యాంటీబయాటిక్ ఎంత మించకూడదో 2020 జనవరి ముసాయిదాలో కేంద్రం రాసింది. 2021 తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. పరిమితే లేకపోతే ఎవరు తప్పు చేశారని పట్టుకుంటారు?

శుద్ధి ఖర్చు ఫ్యాక్టరీ లెక్కల్లో కనిపిస్తుంది. చేయకపోతే అయ్యే ఖర్చు రైతు పొలంలో, ఆసుపత్రి బిల్లులో తేలుతుంది. ఆ పరిమితులు తిరిగి రావాలి, నీటి పరీక్షల ఫలితాలు ప్రతి నెలా ఊళ్లో తెలుగు, ఉర్దూల్లో అంటించాలి. చెరువు బాగుచేయడం అక్కడి నుంచే మొదలవుతుంది.