అబ్బీ బీ రహతై బేటా

మనిషికింత అని ఫీజు కట్టి, మా అమ్మీని తన మాయకాకే టూరిస్టుగా తీసుకెళ్లాను. పోయిన ఇత్వార్ ముచ్చట ఇది.

అమ్మీ పుట్టింది ఆలిజా కోట్లాలో. నికా అయ్యి నల్గొండ జిల్లాకొచ్చింది. మేం తెలుగు మీడియంలో చదువుకున్నాం. ఉర్దూ మాట్లాడతాం గానీ చదవలేం. నా బేటీకి ఆ మాట్లాడడమూ సగమే. వాళ్ల స్కూల్లో ఎవరో "ఓల్డ్ సిటీకి వెళ్తే భయమెయ్యదా?" అని అడిగారట. దానికి జవాబు చూపించాలనే ఈ హెరిటేజ్ వాక్‌కి పేర్లిచ్చాను. మోకాళ్ల నొప్పి ఉన్నా అమ్మీ వస్తానంది.

పొద్దున ఏడింటికి చార్మినార్ కింద ఇరవై మందిమి. మా గైడ్ చదువుకున్న కుర్రాడు, పనిమీద మొహబ్బత్ ఉన్నవాడు. అతన్ని తప్పుపట్టడానికి ఇది రాయట్లేదు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించడం, అది హిజ్రీ 1000 మొదలైన ఏడాది కావడం, నగరం నక్షా వెనుక పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ ఉండడం బాగా చెప్పాడు. అంతా అంగ్రేజీలోనే. నా బేటీ నానీకి మెల్లగా తర్జుమా చేస్తూ నడిచింది.

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబెట్టి నాలుగు వైపులా నాలుగు కమాన్లు చూపించాడు: మచ్లీ కమాన్, కాలీ కమాన్, చార్మినార్ కమాన్, షేర్-ఎ-బాతిల్ కమాన్. ఒకప్పుడు ఈ హౌజ్ పేరు చార్సూ కా హౌజ్ అన్నాడు. తర్వాత, "ఇక్కడ మనుషులు ఎలా బతికేవారో ఒక్కసారి ఊహించుకోండి" అన్నాడు.

తర్జుమా విని అమ్మీ నవ్వింది. "అబ్బీ బీ రహతై నా బేటా!" అంది గట్టిగా. ఇంకా ఉంటున్నారు కదా నాయనా, అని.

అందరూ నవ్వారు. గైడ్ కూడా నవ్వాడు, కాస్త సిగ్గుపడ్డాడు. నాకు మాత్రం ఆ మాట ఇప్పటికీ దిగట్లేదు.

ఓల్డ్ సిటీ గురించి మనకి రెండే కథలు చెప్తారు. ఒకటి బాద్షాలది, ఇంకోటి బందోబస్తుది. టూరిస్ట్ పుస్తకంలో నవాబులు, టీవీలో పోలీసు వ్యాన్లు. ఈ రెంటి మధ్య నాలుగు వందల ఏళ్లకి పైగా పొయ్యి వెలిగించి, పిల్లల్ని మదర్సాకీ స్కూలుకీ తయారుచేసి పంపిన ఔరత్‌లు ఎక్కడా లేరు. మన తప్పు లేదా ఇందులో? ఉంది. రంజాన్ రాత్రుల్లో హలీమ్‌కి వస్తాం. షాదీ రుఖ్ఖాలకి ఛత్తా బజార్, చూడీల జోడాకి లాడ్ బజార్, బట్టలకి పత్తర్‌గట్టి. సామాన్ కారులో వేసుకుని వెళ్లిపోతాం. ఆ లక్క చూడీకి రాళ్లు అతికించేవాళ్ల గల్లీ ఎక్కడుందో అడగం.

పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద గైడ్ 1908 తుగ్యానీ గురించి చెప్పాడు. సెప్టెంబర్ 28న మూసీ పొంగి శహర్‌ని ముంచేసింది, ఆ తర్వాతే ఈ బజార్‌ని కొత్తగా కట్టారు అని. అఫ్జల్‌గంజ్ దవాఖానా ఆవరణలో చింతచెట్టెక్కి నూటయాభై మంది బతికిన సంగతి కూడా చెప్పాడు. అప్పుడు అమ్మీ మొదలుపెట్టింది. వాళ్ల దాదీ అప్పటికి పదేళ్ల పిల్లట. తమ ఇంటిదాకా నీళ్లు రాలేదట. కానీ దాలాన్ నిండా తెలియనివాళ్లు, హిందువులూ ముసల్మానులూ, తడిసిన బట్టలతో కూర్చున్నారట. దేగ్‌లలో ఖిచ్డీ వండి పెట్టారట. ఒక పసిబిడ్డని ఎవరూ రాక ఇంట్లోనే పెంచుకున్నారట. అమ్మీ 'బడీ ఫూఫీ' అని పిలిచింది ఆమెనే. ఈ సంగతి నాకే తెలీదు! యాభై ఏళ్ల దగ్గర పడ్డాను, ఒక్కసారీ అడగలేదు.

గైడ్ తన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని విన్నాడు. అందుకే అతనంటే నాకు ఇజ్జత్.

చివరి మజిలీ బాద్షాహీ ఆషూర్‌ఖానా. మేం సున్నీలం, ఇన్నేళ్లుగా ముందునుంచి పోతూ లోపలికెళ్లలేదు. ఎంత నాదానీ! మా జిల్లాలో హిందువులు మొక్కే పీర్లకీ, ఇక్కడి అలంలకీ ఉన్న రిష్తా నా బేటీ ఒక్క చూపులో పట్టేసింది. "మన ఊరి పీర్లే కదా మమ్మీ" అంది. గోడమీద పైన రంగురంగుల పాత టైల్స్. కింది భాగంలో మాత్రం తుగ్యానీకి రాలిపోయిన చోట రంగులు వేసి సరిపెట్టారు. తేడా దూరం నుంచే తెలుస్తుంది.

వాక్ ఇరానీ చాయ్‌తో ఖతం. మేం ఆటో ఎక్కి ఆలిజా కోట్లాకి వెళ్లాం. అది ఏ వాక్‌లోనూ లేని దారి. మెట్రో కోసం దారుల్‌షిఫా నుంచి శాలిబండా దాకా రోడ్డు వెడల్పు చేస్తున్నారు. ముందుభాగం పోయి, లోపలి తాక్‌లు, నీలం సున్నం గోడలు బజారుకి కనబడుతున్న ఇళ్లు చూశాం. మెట్రో వద్దనను. ఈ పిల్లలూ కాలేజీలకి వెళ్లాలి. కానీ గజానికి ముఆవజా కట్టే లెక్కలో దాలాన్‌లో ఖిచ్డీ తిన్నవాళ్ల లెక్క ఎవరు రాస్తారు? స్మారకాలకి బోర్డులుంటాయి, ఇళ్లకి ఉండవు.

మామూలు ఎప్పుడో అమ్మేసిన మా నానీ ఇల్లు ఇప్పుడు గోదాం. అమ్మీ లోపలికి రానంది. బయట చౌఖట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది.

నేనడిగేది పెద్దదేం కాదు. 2017 నుంచి తెలంగాణలో ఉర్దూ రెండో సర్కారీ జబాన్. ఈ వాక్‌లు ఉర్దూలో, తెలుగులో కూడా నడపండి. మొహల్లా బుజుర్గులని, ముఖ్యంగా ఔరత్‌లని, పైసలిచ్చి పిలిచి మాట్లాడించండి. మనమూ పిల్లల్ని ఒక్కళ్లనే పంపకుండా అమ్మీలని, దాదీలని వెంట తీసుకెళ్దాం. వాళ్లు నడవలేకపోతే ఆటోలో.

వచ్చే ఇత్వార్ పురానీ హవేలీ వైపు వెళ్దామంది అమ్మీ. బడీ ఫూఫీని ఇచ్చిన ఇల్లు అటేనట. ఫోన్‌లో పాత వీడియోలు తీసేసి జాగా చేసి పెట్టుకున్నాను.